ఒడంబడికలు - మూలవాసుల భూములు

1840వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి న్యూజిలాండు ఉత్తర ద్వీపమున హెన్రీ విలియమ్సు అను క్రైస్తవ మిషనరీయు, అతని కుమారుడు ఎడ్వర్డును కూర్చుండి ఒక ఇంగ్లీషు పత్రమును మావోరీ భాషలోనికి తర్జుమా చేసిరి. వారికి దొరికిన గడువు ఆ ఒక్క రాత్రియే. మరునాడు వైటంగి అను తావున, ఓడ తెరచాపలతో కట్టిన డేరాలో, బ్రిటిషు ప్రభుత్వము పంపిన కెప్టెను విలియం హాబ్సను సమక్షమున మావోరీ నాయకులకు దానిని చదివి వినిపించిరి. నాయకులు గంటల తరబడి వాదించిరి. కొందరు హాబ్సనును తిరిగి పొమ్మనిరి, కొందరు ఉండుమనిరి. ఫిబ్రవరి 6వ తేదీన నలుబదిమందికి పైగా చేవ్రాలు చేసిరి. వ్రాయనేర్చినవారు పేరు వ్రాసిరి. కొందరు తమ ముఖములమీది పచ్చబొట్టులోని రేఖలనే కాగితముపై గీసిరి. తరువాత ఆ పత్రపు ప్రతులు ద్వీపముల నలుమూలలకును పోయెను. ఆ యేడు ముగియక మునుపే అయిదువందల మందికి పైగా నాయకులు దానిపై చేయిపెట్టిరి.

ఆ రాత్రి తర్జుమాలో రెండు మాటలు మిక్కిలి ముఖ్యమైనవి. ఇంగ్లీషు ప్రతిలో మావోరీ నాయకులు తమ సార్వభౌమాధికారమును రాణికి ధారపోయుచున్నట్లున్నది. విలియమ్సు దానికి వాడిన మాట ‘కావనటంగ’. గవర్నరు అను ఇంగ్లీషు పదము మావోరీ నోట ‘కావన’ అయినది. దానికి భావప్రత్యయము చేర్చిన మాట యది. మన భాషలో ‘గవర్నరుగిరీ’ అన్నట్లు. రెండవ షరతులో మాత్రము భూములపైనను, గ్రామములపైనను, తమకు విలువగల సమస్త వస్తువులపైనను నాయకుల పెత్తనము, అనగా ‘రంగటిరటంగ’, చెక్కుచెదరకుండ నిలుచునని యున్నది. దీనినిబట్టి మావోరీలు ఏమి యనుకొనియుందురు? ఓడరేవులలో త్రాగి తన్నుకొను తెల్లవారిని అదుపులో పెట్టుటకు ఒక గవర్నరు వచ్చినాడు, మన ఊరు మనది, మన చేను మనది, అని. చేవ్రాలు చేసిన అయిదువందల పైచిలుకు మందిలో ఇంగ్లీషు ప్రతిపై చేసినవారు ముప్పదితొమ్మిది మంది మాత్రమే.

తర్జుమా పని చేసిన వారికెవరికైనను ఆ మిషనరీ కష్టము తెలియును. మేము అతనిని మోసగాడని యనబోవుట లేదు. కాని ఆ రెండు మాటల నడుమనున్న సందులోనుండియే ఒక జాతి భూమి జారిపోయినదన్న మాట మరువరానిది.

ఐరోపావారు 1492 మొదలు నాలుగు ఖండములలో చేసిన వలసరాజ్యములను గూర్చి ముచ్చటించుట ఒక ప్రసంగమునకు లొంగు పని కాదు. మేము ఒక్క పోగును పట్టుకొందుము. అది భూమి, భూమిని గూర్చిన కాగితము. ఒకచోట ఒడంబడిక వ్రాసిరి. ఒకచోట అసలు వ్రాయనేలేదు. ఒకచోట వ్రాసినదానిని తామే చించిరి. ఈ భేదములవలన అచ్చటి మూలవాసుల బ్రతుకులు ఎట్లు మారెను? ఒడంబడిక యున్నవాడు లేనివానికంటె మేలుగా బ్రతికెనా?

ముందుగా కాగితముతో నిమిత్తము లేని ఒక సంగతి చెప్పవలెను. మశూచికము మనకు క్రొత్త కాదు. అమ్మవారని పేరిడి ఊరి పొలిమేరలో గుడి కట్టి తరతరములుగ కొలిచినాము. అది మనలోను ఎందరినో చంపినది, కాని బ్రతికినవారికి మరల రాకుండెడిది. అమెరికా ఖండములలోను, ఆస్ట్రేలియాలోను మనుష్యులు దానిని కనివిని యెరుగరు. 1520లో అది మెక్సికోలోని అజ్టెకుల రాజధానియగు టెనొచ్టిట్లానును సోకి, క్రొత్తగా గద్దెనెక్కిన క్విట్లావాకు రాజును గూడ పొట్టనబెట్టుకొన్నది. మరుసటి యేడు ఆగస్టు 13న ఆ నగరము స్పెయిను దండులకును, వారితో చేరిన స్థానిక శత్రువులకును లొంగెను. సిడ్నీ తీరమున ఇంగ్లీషువారు దిగినది 1788 జనవరి 26న. పదునైదు నెలలకే, 1789 ఏప్రిలులో, చుట్టుపట్ల కొండగుహలలోను, ఇసుక తిన్నెలపైనను మశూచికముతో చచ్చిన మూలవాసుల శవములు కనబడసాగెను. ఇండియాలోను, ఆఫ్రికాలోను ఇట్టి శూన్యము ఏర్పడలేదు. అచ్చటి జ్వరములకు చచ్చినవారు తరచుగా ఐరోపావారే. ఇంగ్లీషువారు మనదేశమున దొరలై కూర్చుండిరే గాని మనలను తుడిచిపెట్టి మన పొలములలో తామే నాగళ్లు పట్టలేకపోవుటకు ఇది యొక కారణము.

అయితే రోగముమీదనే నెపము మోపి చేతులు కడుగుకొనుట గూడ న్యాయము కాదు. కడుపునిండ తిని, తన ఇంట తాను పడుకొనినవాడు జబ్బునుండి లేచును. పొలము పోయి, గనిలో వెట్టికి పోయినవాడు లేవడు. నేటి బొలీవియాలోని పొటోసీ కొండలో 1545లో వెండి బయటపడినది. 1570 ప్రాంతమున వైస్రాయి టొలేడో చుట్టునున్న మండలములనుండి పనిచేయగల మగవారిలో ఏడింట ఒకవంతును ఏటేట ఆ గనికి పంపవలెనని శాసించెను. దీనికి ‘మిటా’ అని పేరు. పేరు మాత్రము వారిది కాదు. ఇంకా రాజుల కాలమున ఊరుమ్మడి పనులకై వంతులవారీగా పోవు ఆచారమునకున్న పేరునే స్పెయినువారు తమ వెట్టికి తగిలించిరి. 1812లో గాని ఆ వెట్టి చట్టములనుండి తొలగిపోలేదు.

స్పెయినువారికి గూడ ఒక కాగితముండెను. 1513లో వారి న్యాయశాస్త్రవేత్తలు సిద్ధపరచిన ఆ ప్రకటనను దండయాత్రకు ముందు మూలవాసులకు చదివి వినిపించవలెను. పోపును, స్పెయిను రాజును అంగీకరించినవా సరి, లేనిచో యుద్ధము, చెర, దాస్యము, ఆ పాపము మీదే, అని అందలి సారాంశము. స్పెయిను భాష రానివారికి స్పెయిను భాషలోనే చదివిరి. ఒక్కొక్కప్పుడు ఖాళీ గుడిసెల ముందు నిలిచి చదివిరి. ఇట్టి కాగితమును గూర్చి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఇంత జరిగినను ఆండీసు పర్వతములలో కెచ్వా భాష మాటలాడువారు నేటికిని లక్షలకొలది యున్నారు. స్పెయిను ప్రభువులకు కావలసినది గనికి కూలి, కప్పము కట్టు గ్రామము. అందుచేత వారు గ్రామమును పీల్చిపిప్పి చేసిరి గాని పీకివేయలేదు. ఉత్తర అమెరికాకు వచ్చిన ఇంగ్లీషు సంతతివారికి కావలసినది కూలి కాదు, నేల. కూలికి వారు ఆఫ్రికానుండి బానిసలను తెచ్చుకొనిరి. అచ్చట మూలవాసి యుండుటయే తప్పిదమైనది.

ఈ సంగతికి చెరోకీల చరిత్రను మించిన సాక్ష్యము లేదు. వారు నేటి జార్జియా, టెన్నెసీ ప్రాంతములవారు. ‘నాగరికులు కండు, మీ నేల మీకే యుండును’ అని తెల్లవారు చెప్పిన మాటను వారు నమ్మిరి. నమ్మి యూరకుండలేదు. సెక్వోయా అనునతడు, ఇంగ్లీషు చదువనే రాదు, పండ్రెండేండ్లు తంటాలుపడి 1821 నాటికి తన భాషకు లిపి కల్పించెను. ఎనుబదియైదు అక్షరములు, ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క ఉచ్చారణాంశము. అచ్చును హల్లును కలిపి ‘క, కి, కు’ అని పలుకు మన గుణింతము వంటిదే, కాని ప్రతిదానికి వేరు రూపము. కొన్నియేండ్లలో జాతిలో పెక్కుమంది చదువను వ్రాయను నేర్చిరి. 1827లో రాజ్యాంగము వ్రాసుకొనిరి. 1828 ఫిబ్రవరిలో న్యూ ఎకోటా అను తమ ముఖ్యపట్టణమునుండి రెండు భాషలలో వార్తాపత్రిక వెలువరించిరి. దాని సంపాదకుడు ఇలయాస్ బూడినాటు అను చెరోకీ యువకుడు.

ఇంతలో వారి కొండలలో బంగారము దొరికినది. 1830లో మూలవాసులను మిసిసిపీ నదికి పడమరగా తరలించు చట్టము అమెరికా కాంగ్రెసులో నెగ్గినది. చెరోకీలు విల్లంబులు పట్టలేదు, వకీలును పెట్టుకొనిరి. 1832లో సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షలు, చెరోకీ నేలపై జార్జియా రాష్ట్ర శాసనములు చెల్లవని తీర్పు చెప్పెను. గెలిచినది చెరోకీలే. ఆ తీర్పును అమలు జరుపవలసిన ప్రెసిడెంటు జాక్సను మిన్నకుండెను. అదే యేడు జార్జియా ప్రభుత్వము చెరోకీల పొలములను చీట్లు వేసి తెల్లవారికి పంచిపెట్టినది. లాటరీలో పొలము తగిలినవాడు వచ్చి, ఇంటిలో కాపురమున్నవానిని లేచి పొమ్మనెను.

1835 డిసెంబరు 29న జాతిలో ఒక చిన్న వర్గము మాత్రము కూడి, అయిదు మిలియను డాలర్లకు, అనగా అరకోటి డాలర్లకు, తూర్పు భూములన్నిటిని వదలుకొను ఒడంబడికపై చేవ్రాలు చేసెను. చేసినవారిలో బూడినాటు ఒకడు. ఎదిరించి లాభము లేదు, ఉన్నవారినైన బ్రతికించుకొందమని అతని తలంపు. ఎన్నికైన నాయకుడు జాన్ రాసు ఈ ఒడంబడిక మాది కాదని పదునైదువేలకు మించిన చేవ్రాళ్లతో అర్జీ పంపెను. అమెరికా సెనేటు ఒక్క ఓటు ఆధిక్యముతో ఆ ఒడంబడికనే ఖాయపరచినది. 1838 వేసవిలో సైనికులు ఇండ్లనుండి జనమును వెడలగొట్టి కంచెదొడ్లలో కూర్చిరి. ఆ చలికాలమున సుమారు పదునారువేలమంది పడమటికి నడిచిరి. నాలుగువేల మంది చనిపోయిరని సాధారణముగ చెప్పెడి అంచనా. దానినే ‘కన్నీటి బాట’ యందురు. క్రొత్తచోటు చేరిన పిమ్మట, 1839 జూన్ 22న, బూడినాటును అతని జాతివారే చంపిరి. జాతి సమ్మతి లేక భూమి అమ్మినవానికి చెరోకీ చట్టములో మరణశిక్ష యుండెను.

సంపాదకుడుగ ఆ నేలకై కలము పట్టినవాడు, ఆ నేలను వదలుకొను పత్రముపై అదే కలము పెట్టవలసివచ్చినది. అతడు ద్రోహియా, దీర్ఘదర్శియా యని చెరోకీలు నేటికిని తర్కించుకొనుచునే యున్నారు. మాకు మాత్రము, అట్టి యెంపికను అతని ముందు పెట్టినవారి సంగతి మొదట తేల్చవలెనని తోచును.

ఇక ఆస్ట్రేలియాలో ఒడంబడికయే లేదు. ఒకసారి మాత్రము ఒకడు వ్రాయించెను. 1835లో జాన్ బాట్మను అను పశువుల ఆసామి నేటి మెల్బోర్ను ప్రాంతమున మూలవాసుల పెద్దలకు దుప్పట్లు, కత్తులు, అద్దములు, పిండి ఇచ్చి, ఇంచుమించు ఆరులక్షల ఎకరములు కొన్నట్లు దస్తావేజు చేసికొనెను. ఆ పెద్దలకు అమ్మకమను మాట ఏ మాత్రము తెలిసియుండునో ఊహింపవచ్చును. గవర్నరు బూర్కు ఆ యేడు ఆగస్టులో అది చెల్లదని ప్రకటించెను. మూలవాసులు మోసపోయిరనియా? కాదు. ఆ నేల బ్రిటిషు సింహాసనమునది గనుక దానిని అమ్ముటకు వారికి హక్కులేదని! పదులవేల యేండ్లుగ మనుష్యులు తిరుగాడిన నేల, చట్టము దృష్టిలో ఎవరిదియు కానిది. ఆ చట్టము గొర్రెల మందలకు బాటవేసినది. 1838 జూన్ 10న మయాల్ క్రీకు అను చోట పశువుల కాపరులు ఇరువదియెనిమిది మంది మూలవాసులను, స్త్రీలను పిల్లలను గూడ, చంపిరి. అందుకు ఏడుగురు తెల్లవారిని ఉరితీసిరి. అట్లు శిక్షించుట అరుదు. దానివలన హత్యలు ఆగలేదు, చాటునకు పోయెను. ఇరువదవ శతాబ్దిలో, 1970 వరకును, మిశ్రమ సంతతి పిల్లలను తల్లులనుండి లాగికొని ఆశ్రమములలో పెంచిన కథ వేరొక ప్రసంగమునకు తగినది.

ఇప్పుడు మరల వైటంగికి పోవుదము. ఒడంబడిక గల మావోరీలకు ఏమైనది? ఇరువదియేండ్లు ఎట్లో గడచినవి. వలసదారుల సంఖ్య పెరిగినది. 1860లో టరనాకీలో, 1863లో వైకాటోలో యుద్ధము వచ్చినది. తిరుగుబాటుదారుల భూములను జప్తు చేయవచ్చునని 1863లో చట్టము చేసిరి. వైకాటో తెగలనుండియే పండ్రెండులక్షల ఎకరములు పోయెను.

కాని తుపాకికంటె మెత్తగా పనిచేసినది 1865లో పెట్టిన నేటివ్ లాండు కోర్టు. మావోరీ భూమి తెగకంతకును ఉమ్మడి. మన ఉమ్మడి కుటుంబపు ఆస్తిని తలచుకొన్నచో ఈ సంగతి సుళువుగ బోధపడును. ఒక భూమికి పదిమందికంటె ఎక్కువ పేర్లు వ్రాయరాదని కోర్టు నియమము. వందలమంది ఉమ్మడి సొత్తు పదిమంది పేర పట్టా అయినది. తక్కిన దాయాదులు ఒక్క కలపుపోటుతో పరాయివారైరి. ఆ పదిమంది అమ్ముకొనవచ్చును. అమ్ముకొనక తప్పని స్థితియు కలిగినది. కేసు నడచినన్నాళ్లు పట్టణములో పూటకూటియింట మకాము, సర్వేదారునికి ఫీజు, వకీలుకు ఫీజు, దుకాణములో అప్పు. హక్కు ఋజువు చేసికొనుటకైన ఖర్చుక్రింద హక్కే చెల్లిపోయెడిది. కోర్టుపక్షి అను మాట మన పల్లెలలోను వినబడునదే గదా! ఆ శతాబ్ది ముగియునప్పటికి ఉత్తర ద్వీపములోనే సగముకంటె తక్కువ భూమి మావోరీల చేత మిగిలెను. దక్షిణ ద్వీపములో దాదాపు అంతయు అంతకు ముందే పోయెను.

అమెరికాలో 1887లో చేసిన డాసు చట్టము సరిగా ఇట్టిదే. తెగల ఉమ్మడి నేలను తలకింత యని ముక్కలుచేసి, మిగిలినది తెల్లవారికి అమ్మిరి. మూలవాసిని స్వంతదారుగ, ఉద్యోగిగ, క్రైస్తవ రైతుగ తీర్చిదిద్దుటకని పైకి చెప్పిరి. చెప్పినవారిలో కొందరు మనస్ఫూర్తిగనే చెప్పిరి. ఆ చట్టము వచ్చునాటికి తెగల చేత 13 కోట్ల 80 లక్షల ఎకరములుండెను. 1934లో ఆ పద్ధతిని ఆపునాటికి 4 కోట్ల 80 లక్షలు మిగిలెను. ఒకరినొకరు చూచి వ్రాసికొన్నారో లేదో గాని, రెండు సముద్రముల ఆవల ఈవల రెండు ప్రభుత్వములు ఒకే యుపాయమును పట్టుకొన్నవి.

టరనాకీలోని పారిహాకా గ్రామమును గూర్చి చెప్పకపోయినచో న్యూజిలాండు కథ అసంపూర్ణము. అచ్చటి పెద్దలు టె ఫిటీ, టోహు అనువారు. జప్తు అయిన భూమిలో సర్వేదారులు గుర్తురాళ్లు పాతుచుండగా, 1879లో వారి మనుష్యులు ఆయుధములు లేక పోయి ఆ భూమిని దున్నిరి. పట్టుకొని జైలుకు పంపినచో వేరొకరు వచ్చి నాగలి పట్టిరి. 1881 నవంబరు 5న పదునారువందల మంది సాయుధులు గ్రామముపైకి వచ్చిరి. ఎదురు వచ్చినది పాటలు పాడుచున్న పిల్లల గుంపు. పెద్దలు ఊరి నడుమ మౌనముగ కూర్చుండియుండిరి. సైనికులు పెద్దలను పట్టుకొనిపోయి, ఇండ్లు కూల్చి, పంటలు నాశనము చేసిరి. ఇది సత్యాగ్రహమను పదము పుట్టుటకు పాతికేండ్ల ముందటి మాట. 1896 లెక్కలలో మావోరీల సంఖ్య సుమారు నలువదిరెండు వేలకు దిగెను. అంతరించు జాతి యని తెల్లవారు జాలిగ చెప్పుకొనసాగిరి.

ఆఫ్రికానుండి ఒక్క ఉదాహరణముతో సరిపెట్టుదుము. నేటి నమీబియాలో హెరేరోలు 1885లో జర్మనులతో రక్షణ ఒడంబడిక చేసికొనిరి. తరువాత వర్తకుల అప్పులక్రింద వారి పశువులును, పశువులతోపాటు మేతబీళ్లును పోవుచు వచ్చెను. 1904 జనవరిలో తిరుగబడిరి. ఆగస్టులో ఓడి ఎడారిలోనికి పారిపోయినవారికి నీరు అందకుండ జర్మను దండు కాపు కాచెను. అక్టోబరు 2న సేనాని ఫాన్ ట్రోటా, జర్మను సరిహద్దులలో కనబడిన ప్రతి హెరేరోను కాల్చివేయుదుమని ప్రకటించెను. జాతిలో సగముకంటె ఎంతో అధికముగ నశించిరి. అది జాతిసంహారమేయని జర్మను ప్రభుత్వము 2021లో ఒప్పుకొన్నది.

ఇంతదూరము తిరిగి మన మన్యమువైపు చూడకుండుట తగదు. గోదావరి మండలమున రంపదేశపు కొండవారికి తాటిచెట్టు కామధేనువు. దాని కల్లుపై మన్సబుదారు చిగురుపన్ను వేసెను. కంపెనీ పోయి వచ్చిన రాణీ ప్రభుత్వము ఆబ్కారీ కట్టుబాట్లు పెట్టి, కల్లు గీతను కంట్రాక్టర్లకు గుత్తకిచ్చెను. 1879 మార్చిలో ముఠాదారులు తిరుగబడిరి. వారి ఫిర్యాదులలో మరియొకటి యుండెను. పల్లమునుండి వచ్చిన వర్తకులు కొద్దిపాటి బాకీకి దూరపు కోర్టులో ఎకపక్షపు డిక్రీ తెచ్చి పశువులను, ధాన్యమును జప్తు చేసి తోలుకొనిపోవుచుండిరి. కోర్టు ఇంగ్లీషువానిది. డిక్రీ చేతబట్టి కొండ యెక్కినవాడు తెలుగువాడు. 1882 నాటి మద్రాసు అడవిచట్టముతో పోడు వ్యవసాయమునకు గూడ కట్టడి వచ్చినది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారు ఈ చట్టముల క్రింద నలిగినవారే.

మన్యపు భూములు పల్లపువారి చేతిలోనికి పోకుండ 1917లోనే మద్రాసు ప్రభుత్వము ఒక చట్టము చేసెను. 1959లో ఆంధ్రప్రదేశమున మరల నిబంధన వచ్చినది. 1970 సవరణతో అది మరింత గట్టిపడినది. 1997లో సమత కేసులో సుప్రీముకోర్టు, షెడ్యూలు ప్రాంతములలో ప్రభుత్వ భూమిని గూడ ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలుకీయరాదని తీర్పు చెప్పెను. మావోరీలకు గాని, చెరోకీలకు గాని వారి కష్టకాలమున ఇట్టి చట్టము లేకుండెను. అయినను మన్యములో బినామీ పేర్లతో సాగిన సేద్యము సంగతి మన జిల్లాలవారికి మేము చెప్పవలెనా?

మనవారు ఈ కథలో మరియొక వేషమున గూడ కనిపింతురు. 1874లో బ్రిటిషువారి వశమైన ఫిజీ దీవులలో గవర్నరు ఆర్థరు గార్డను ఫిజీయుల భూమి అమ్మకమును ఆపివేసెను. అంతకుముందే, 1875లో, పొంగు వచ్చి ఆ జాతిలో ఇంచుమించు నాల్గవవంతు చనిపోయిరి. వారిని చెరకుతోటలలో కూలికి దింపరాదని గూడ అతని నిశ్చయము. ఎంతో ఉదారమైనదే. కాని పంచదార కంపెనీకి కూలి కావలెను. 1879 నుండి కలకత్తా ఓడలును, 1903 నుండి మద్రాసు ఓడలును మన దేశపు కూలీలను అచ్చటికి చేర్చెను. మద్రాసులో ఎక్కినవారిలో తెలుగువారు పెక్కురు. అయిదేండ్ల అగ్రిమెంటుపై వ్రేలిముద్ర వేసిరి గనుక దానికి గిరిమిట్టు అని పేరు నిలిచినది. ఇదియు ఒక కాగితమే. ఫిజీ భూమిలో ఎనిమిది వంతులకు పైగా నేటికిని ఫిజీ తెగలదే యగుటకును, తరతరములుగ చెరకు పండించినను మనవారి సంతతి కౌలుదారులుగ నుండిపోవుటకును మూలము ఒక్కటే. ఒక జాతిని కాపాడిన వెల మరియొక జాతిచేత కట్టించిరి.

ఇక మొదటి ప్రశ్న. ఒడంబడిక యున్నందువలన మేలు కలిగెనా? నూరేండ్ల లెక్క చూచినచో లేదనియే చెప్పవలెను. ఒడంబడిక గల మావోరీయు, లేని ఆస్ట్రేలియావాసియు భూమి పోగొట్టుకొనిరి. 1877లో న్యూజిలాండు న్యాయమూర్తి యొకడు వైటంగి ఒడంబడిక శూన్యమనియే తీర్పు వ్రాసెను. కాని మావోరీలు దానిని మరువలేదు. సభలు చేసిరి, అర్జీలు పెట్టిరి, ప్రతినిధులను లండనుకు పంపిరి. 1975లో వైటంగి ట్రిబ్యునలు ఏర్పడెను. మొదట అది ఆనాటినుండి జరుగబోవు అన్యాయములనే విచారింపవలెను. 1985లో 1840 వరకు వెనుకకు పోవు అధికారము దానికి వచ్చినది. 1995లో వైకాటో తెగలకు పదిహేడుకోట్ల న్యూజిలాండు డాలర్ల పరిహారము, క్షమాపణ ఇచ్చు చట్టముపై ఎలిజబెత్తు రాణి స్వయముగ చేవ్రాలు చేసెను. పోయినదానిలో ఇది ఏ మూలకు? అయినను అడుగుటకు వారి చేతిలో ఒక పత్రముండెను. అంతరించునన్న జాతి నేడు ఆ దేశ జనాభాలో ఆరింట ఒకవంతుకంటె ఎక్కువ. 1982 నుండి పసిపిల్లలకు మావోరీ భాషలోనే నేర్పు బడులను తల్లులును, అవ్వలును నడుపుచు వచ్చిరి.

ఆస్ట్రేలియాలో అట్టి పత్రము లేనందున, లేని హక్కును మొదటినుండి ఋజువు చేయవలసివచ్చెను. టోరెస్ జలసంధిలోని మెర్ దీవివాడు ఎడ్డీ మాబో ఒక విశ్వవిద్యాలయమున తోటమాలిగ పనిచేయుచుండెను. తాతలనాటి తన భూమి చట్టరీత్యా ప్రభుత్వముదని అచ్చటి చరిత్రకారుల మాటలవలన తెలిసికొని నిర్ఘాంతపోయెను. 1982లో దావా వేసిరి. మెర్ దీవిలో ఏ తోట ఎవరిది, ఏ గట్టు ఎచ్చటిది, అని పదేండ్లు సాక్ష్యము నడచినది. 1992 జూన్ 3న, ఎవరిదియు కాని నేలయను వాదము చెల్లదని అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. మాబో ఆ జనవరిలోనే చనిపోయియుండెను. 2023 అక్టోబరులో మూలవాసులకు పార్లమెంటుకు సలహా చెప్పు సంఘమొకటి రాజ్యాంగమున చేర్చుటకై జరిగిన ఓటింగులో నూటికి అరువదిమంది వలదనిరి.

అమెరికాలో సూ జాతికి 1868లో వ్రాసి యిచ్చిన ఒడంబడిక ప్రకారము బ్లాక్ హిల్సు కొండలు వారివే. వయసువచ్చిన మగవారిలో నాలుగింట మూడువంతుల చేవ్రాలు లేక ఆ నేలను మార్చరాదని అందు షరతు గూడ నుండెను. 1874లో కొండలలో బంగారము కనబడినది. 1877లో, ఆ చేవ్రాళ్లు లేకయే, ప్రభుత్వము కొండలను తీసికొన్నది. 1980లో సుప్రీముకోర్టు అది అన్యాయమని తేల్చి, వడ్డీతో సహా పదికోట్ల డాలర్లకు పైగా పరిహారము ఖాయపరచినది. సూ జాతివారు ఆ సొమ్ము ముట్టలేదు. కొండలు అమ్మకమునకు పెట్టినవి కావనిరి. సూ జాతివారి ఊళ్లు ఆ దేశములోని మిక్కిలి బీదయూళ్లలోనివి. ఖజానాలో ఆ సొమ్ము వడ్డీతో పెరిగి నూరుకోట్ల డాలర్లను దాటినది. అది యచ్చటనే యున్నది.